పసి గ్రహాల చుట్టూ ధూళి పళ్లెం ఉందా? పాత పరారుణ చిత్రాల్లో మీరే వెతకండి

"అక్కా, మా దగ్గర టెలిస్కోప్ లేదు కదా, మరి మేమేం చేయగలం?"

ఆదివారం సాయంత్రాలు కోరమంగలలో మా ఇంటి మేడ మీద కలిసే తెలుగు పిల్లల్లో కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ అడిగే మొదటి ప్రశ్న ఇది. అనంతపురం నుంచో నెల్లూరు నుంచో ఖమ్మం నుంచో చదువుకో ఉద్యోగానికో బెంగళూరు వచ్చినవాళ్లు, ఆకాశమంటే ఇష్టం, పైథాన్ కొద్దిగా వచ్చు. ఈ పనికి ఆ మాత్రం చాలు. కావాల్సిన చిత్రాలను అంతరిక్ష టెలిస్కోపులు ఎప్పుడో తీసేశాయి, చాలావాటిని వేరే పనికోసం తీశాయి, ఇప్పుడు అవి ఎవరైనా దించుకోవడానికి వీలుగా ఆర్కైవుల్లో ఉన్నాయి. వాటిలోంచి పసి గ్రహం చుట్టూ ఉన్న ధూళిని ఎలా బయటికి లాగాలో అడుగు అడుగుగా రాస్తున్నాను. కొన్ని అడుగుల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే తప్పులు జరిగేది అక్కడే.

అసలు వెతుకుతున్నది దేన్ని

ఒక నక్షత్రం పుట్టి పది లక్షల ఏళ్లో, యాభై లక్షల ఏళ్లో అయి ఉంటుంది. దానికి ఎంతో దూరంలో, ఒక్కోసారి భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి వందల రెట్ల దూరంలో, ఇంకో చిన్న గోళం ఉంటుంది. దాని ద్రవ్యరాశి గురుగ్రహానికి అయిదు రెట్ల నుంచి ఇరవై రెట్ల దాకా ఉండొచ్చు. దాన్ని గ్రహం అనాలా, గోధుమ మరుగుజ్జు (నక్షత్రం కాలేకపోయిన గోళం) అనాలా అన్న వాదన తెగలేదు. డ్యుటీరియం (భార హైడ్రోజన్) మండటం మొదలయ్యే చోట, అంటే సుమారు 13 గురు ద్రవ్యరాశుల దగ్గర, ఒక గీత గీస్తారు గానీ అది ఆ గోళం ఎలా పుట్టిందో చెప్పదు. అందుకే పేరు పంచాయతీ పక్కనపెట్టి "గ్రహమంత ద్రవ్యరాశి ఉన్న సహచరి" అంటారు. ఇక్కడ నేను సహచరి అనేస్తాను.

ఇలాంటివాటిలో మొదట ఫొటోకి దొరికింది 2ఎం1207బి. 2004లో చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోపుతో తీశారు. అది అంటిపెట్టుకున్న పెద్ద గోళం కూడా నక్షత్రం కాదు, గోధుమ మరుగుజ్జే. మరుసటి ఏడాది జీక్యూ లూపి బి, డీహెచ్ టౌ బి వచ్చాయి. ఇవి పసివి కాబట్టి ఇంకా వేడిగా ఉంటాయి, కొన్ని ఇంకా చుట్టూ ఉన్న వాయువును మింగుతూ ఉంటాయి, ఆ మింగే పదార్థమంతా పళ్లెంలా చుట్టూ తిరుగుతుంటుంది. మన గురుగ్రహం చుట్టూ ఉన్న అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో ఇలాంటి పళ్లెంలోనే పుట్టాయని శాస్త్రవేత్తల అంచనా. మన దగ్గర ఆ పని 450 కోట్ల ఏళ్ల కిందటే ముగిసింది. చందమామలు పుట్టే చోటు ఇప్పుడు ఎలా ఉంటుందో చూడాలంటే ఈ సహచరుల దగ్గరికే వెళ్లాలి, నాకు ఈ విషయం మీద ఇంత ప్రేమ ఉండటానికి కారణం అదే.

అయితే ఆ పళ్లెం మీకు పళ్లెం ఆకారంలో కనపడదు. అంత చిన్నది. కనపడేది ఒక్క చుక్క, ఆ చుక్క ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువ వెలుగుతుంది. ఆ ఎక్కువే మనకు సాక్ష్యం. అంటే ఈ పనంతా రెండు తీసివేతల లెక్క: చిత్రంలోంచి నక్షత్రాన్ని తీసేస్తే సహచరి మిగలాలి, సహచరి వెలుగులోంచి దాని సొంత ఒంటి వెలుగు తీసేస్తే పళ్లెం మిగలాలి. రెండింట్లో ఏది తప్పినా లేని పళ్లెం పుట్టుకొస్తుంది.

పరారుణంలోనే ఎందుకు

ఒక చిన్న లెక్క వేసుకుందాం, కాగితం తీసుకోండి. 2898ని కెల్విన్లలో ఉష్ణోగ్రతతో భాగిస్తే ఆ వస్తువు ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువ వెలుగుతుందో మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వస్తుంది. 2300 కెల్విన్ల సహచరి 1.26 మైక్రాన్ల దగ్గర శిఖరానికి వెళ్తుంది. పసి గోళం ఉబ్బి ఉంటుంది కాబట్టి దాని వ్యాసార్థం గురుగ్రహానికి రెండింతలు అనుకుందాం. అది వెదజల్లే వేడికి చుట్టూ ఉన్న ధూళి ఎంత వేడెక్కుతుంది? ధూళి రేణువు పడ్డ వెలుగంతా పీల్చుకుని మళ్లీ వదిలేస్తుందనుకుంటే, కేంద్రం నుంచి దూరం = గోళం వ్యాసార్థంలో సగం × (గోళం ఉష్ణోగ్రత ÷ ధూళి ఉష్ణోగ్రత) వర్గం.

సుమారు 1500 కెల్విన్ల దగ్గర ధూళి ఆవిరైపోతుంది. లెక్క వేస్తే అది 2.35 గురు వ్యాసార్థాల దూరం, అంటే దాదాపు గోళం ఒంటిని తాకేంత దగ్గర. ఇప్పుడు కాలిస్టో దూరం తీసుకోండి, 26 గురు వ్యాసార్థాలు. అక్కడ ధూళి 451 కెల్విన్లు ఉంటుంది, శిఖరం 6.4 మైక్రాన్లు. దళసరిగా, చదునుగా ఉన్న అసలు పళ్లెంలో ఇంతకన్నా చల్లగానే ఉంటుంది, ఇది మోటు లెక్క. అయినా దీంతో ఒకటి స్పష్టమవుతుంది: 4 నుంచి 20 మైక్రాన్ల మధ్య చూస్తే సరిగ్గా చందమామలు పుట్టే మేర మీదే చూపు పడుతుంది. అక్కడ సహచరి సొంత వెలుగు తగ్గిపోతూ ఉంటుంది, ధూళి వెలుగు పెరుగుతూ ఉంటుంది. నక్షత్రంతో పోల్చినా తేడా అంత ఘోరంగా ఉండదు.

నేల మీద నుంచి ఇది కష్టం, ఎందుకంటే మన గాలి, టెలిస్కోపు అద్దం, పైన ఉన్న గోపురం అన్నీ 300 కెల్విన్లకు దగ్గర్లో ఉండి 10 మైక్రాన్ల దగ్గర అవే వెలుగుతుంటాయి. పట్టపగలు దీపం వెతికినట్టు ఉంటుంది. లద్దాఖ్‌లోని హాన్లేలో 4500 మీటర్ల ఎత్తున, పొడి గాలిలో మన 2 మీటర్ల చంద్రా టెలిస్కోపు ఉంది, దాన్ని ఇక్కడికి దగ్గర్లోనే హోసకోటలో కూర్చుని ఉపగ్రహ లింకు ద్వారా నడుపుతారు. దాని మీది టిర్‌స్పెక్, దేవస్థల్‌లోని 3.6 మీటర్ల టెలిస్కోపు మీది టాన్‌స్పెక్ సుమారు 2.5 మైక్రాన్ల దాకా చూస్తాయి. పెద్ద నక్షత్రాల సంగతి తెలుసుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. ధూళి కోసం మాత్రం అంతరిక్షానికే వెళ్లాలి.

మొదటి అడుగు: సహచరిని ఎంచుకోవడం

ఇక్కడ ఆశ పడకండి. కొత్తవాళ్లందరూ పీడీఎస్ 70తో మొదలుపెడతామంటారు, అందమైన బొమ్మ చూసి ఉంటారు కాబట్టి. అక్కడి రెండు గ్రహాలూ నక్షత్రానికి మరీ దగ్గర, పైగా పెద్ద డిస్క్ (నక్షత్రం చుట్టూ ఉండే పళ్లెం) మధ్యలో ఉన్నాయి, అది చివర్లో చేయాల్సిన పని.

ఎంపికకు ఒకే కొలత: టెలిస్కోపు ఎంత సన్నగా చూడగలదు. 1.22 × తరంగదైర్ఘ్యం ÷ అద్దం వ్యాసం. స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు అద్దం 85 సెంటీమీటర్లే. 3.6 మైక్రాన్ల దగ్గర సుమారు 1.1 ఆర్క్‌సెకండ్లు, 8 మైక్రాన్ల దగ్గర సుమారు 2.4 (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు). జేమ్స్ వెబ్ అద్దం 6.5 మీటర్లు కాబట్టి అదే 8 మైక్రాన్ల దగ్గర 0.31 వస్తుంది. జీక్యూ లూపి బి తన నక్షత్రానికి 0.7 ఆర్క్‌సెకండ్ల దూరంలోనే ఉంది, స్పిట్జర్‌తో దాని జోలికి పోవద్దు. డీహెచ్ టౌ బి 2.3, సీటీ చా బి 2.7, ఇవి చెయ్యి తిరిగాక.

మొదటిసారికి నేను అందరికీ ఇచ్చేది ఎస్‌ఆర్ 12 సి. రెండు పసి నక్షత్రాల జంటకు 8.7 ఆర్క్‌సెకండ్ల దూరంలో ఉంటుంది, 2011లో ప్రకటించారు. జ్యేష్ఠా నక్షత్రానికి కాస్త ఉత్తరంగా ఉన్న రో ఒఫియూకి మేఘంలో (నక్షత్రాలు పుట్టే వాయువు, ధూళి మేఘం) ఉంది కాబట్టి వేసవి రాత్రి మేడ ఎక్కి "అదిగో, ఆ పక్కనే" అని పిల్లలకు వేలెత్తి చూపించగలను. సీటీ చా ఉన్న దిక్కు బెంగళూరు నుంచి చూస్తే దిగంతాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది, పైకి లేవదు. ఆర్కైవు పనికి దాంతో సంబంధం లేదు, నిజమే, కానీ తను లెక్క కట్టే చోటు ఆకాశంలో ఎక్కడుందో చూసిన పిల్లలు పని మధ్యలో వదిలేయరు, ఇది నేను చాలాసార్లు చూశాను.

ఎంచుకున్నాక మూడు విషయాలు నోట్‌బుక్‌లో రాసుకోండి: సహచరి నక్షత్రం నుంచి ఎంత దూరంలో ఏ దిక్కున ఉంది, జే, హెచ్, కే అనే పరారుణ బ్యాండ్లలో దాని మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) ఎంత, అది నక్షత్రంతోపాటే ఆకాశంలో కదులుతోందని ఎవరైనా నిరూపించారా. మూడోది లేకపోతే ఆ సహచరిని వదిలేయండి. వెనకాల ఎక్కడో ఉన్న ఎర్రటి గెలాక్సీ కూడా పరారుణంలో అచ్చం పళ్లెం ఉన్న గ్రహంలా నటిస్తుంది.

రెండో అడుగు: చిత్రాలు తెచ్చుకోవడం

స్పిట్జర్ 2003 ఆగస్టులో ఎగిరింది. చల్లబరిచే హీలియం 2009 మేలో అయిపోయింది, 2020 జనవరి 30న పూర్తిగా ఆపేశారు. దాని ఐరాక్ కెమెరాలో 3.6, 4.5, 5.8, 8.0 మైక్రాన్ల నాలుగు బ్యాండ్లు ఉండేవి. హీలియం అయిపోయాక మొదటి రెండే పనిచేశాయి. కాబట్టి 8 మైక్రాన్లు కావాలంటే 2009 మేకి ముందు తీసినవే వెతకాలి. ఇర్సా అనే నాసా పరారుణ ఆర్కైవులో నక్షత్రం పేరు కొడితే చాలు, అన్నీ వస్తాయి, డబ్బు కట్టక్కర్లేదు.

అక్కడ రెండు రకాలు కనపడతాయి: అన్ని ఫ్రేములూ కలిపి కుట్టిన పెద్ద మొజాయిక్, విడివిడి ఫ్రేములు (సీబీసీడీ అని రాసి ఉంటుంది). మొజాయిక్ చూడ్డానికి బాగుంటుంది, దాంతో కొలవకండి. కుట్టేటప్పుడు ప్రతి ఫ్రేమునూ తిప్పి, సాగదీసి, కలుపుతారు. చుక్క ఆకారం ఆ సాగదీతలో పాడవుతుంది, మనం బతికేదే ఆ ఆకారం మీద. విడి ఫ్రేములు దించుకోండి, వాటితోపాటు వచ్చే అనిశ్చితి ఫైళ్లు, మాస్క్ ఫైళ్లు కూడా. వేర్వేరు తేదీల్లో తీసినవి ఉంటే అన్నీ తీసుకోండి, ఎందుకో ఇప్పుడే చెబుతాను.

వైజ్ అనే ఇంకో పరారుణ అంతరిక్ష టెలిస్కోపు డేటాతో చేద్దామా అని అడుగుతారు. దాని 22 మైక్రాన్ల బ్యాండ్ చూసి నోరూరుతుంది, కానీ చుక్క 12 ఆర్క్‌సెకండ్ల వెడల్పు ఉంటుంది, నక్షత్రమూ సహచరీ ఒకే ముద్దలో కలిసిపోతాయి. వద్దు.

మూడో అడుగు: మొదటి తీసివేత

మొత్తం పనిలో సగం ఇక్కడే. వారాలు పట్టినా తొందరపడకండి.

నక్షత్రం వెలుగు కెమెరాలో ఒక చుక్కగా ఆగదు. మధ్యలో గడ్డ, చుట్టూ వలయాలు, బయటికి పొడుచుకొచ్చే ముళ్లు. ఈ మొత్తం ఆకారాన్ని పీఎస్‌ఎఫ్ అంటారు. సహచరి ఆ వలయాల మీదో ముళ్ల పక్కనో కూర్చుని ఉంటుంది. అందువల్ల సహచరి చుట్టూ గుండ్రంగా ఒక గీత గీసి లోపలున్న వెలుగు కూడితే అందులో నక్షత్రం రెక్క కూడా పడుతుంది.

ఇది నాకు జరిగింది. నా మొదటి ప్రయత్నంలో ఒక సహచరికి 8 మైక్రాన్ల దగ్గర చాలా పెద్ద అదనపు వెలుగు వచ్చింది, రెండు వారాలు నిద్రపట్టనంత సంతోషంగా ఉన్నాను. తర్వాత ఒక రాత్రి, నక్షత్రానికి సరిగ్గా అవతలి వైపు, అంతే దూరంలో, ఏమీ లేని చోట అదే గీత గీసి కొలిచాను. దాదాపు అంతే వెలుగు వచ్చింది. నేను సంబరపడ్డదంతా నక్షత్రం రెక్క. ఆ రోజు నుంచి ఏ కొలతైనా అవతలి వైపు కొలవకుండా నమ్మను, మీరూ నమ్మొద్దు.

సరైన పద్ధతి ఇది. ఒక్కో ఫ్రేములో నక్షత్రం పీఎస్‌ఎఫ్ ఒకటి, సహచరి పీఎస్‌ఎఫ్ ఒకటి, కింద చదునైన నేపథ్యం ఒకటి పెట్టి మూడింటినీ ఒకేసారి ఫిట్ చేయాలి. ఆస్ట్రోపై, ఫోటోయూటిల్స్ అనే పైథాన్ ప్యాకేజీలతో రాసుకోవచ్చు, ఫిట్టింగుకు ఎమ్‌సీ (emcee) అనే ప్యాకేజీ వాడితే అనిశ్చితి కూడా చక్కగా వస్తుంది. కీలకమైన మాట: సహచరి స్థానాన్ని వదిలేయకండి. నేల మీది పెద్ద టెలిస్కోపులు దాని దూరం, దిక్కు చాలా కచ్చితంగా కొలిచి పెట్టాయి, ఆ రెండూ బిగించేసి, నక్షత్రం స్థానం, రెండింటి వెలుగులు మాత్రమే వెతకమనండి. స్థానం కూడా వెతకమంటే ఫిట్టింగు వెళ్లి దగ్గర్లో ఉన్న వలయం గడ్డ మీద కూర్చుంటుంది.

పీఎస్‌ఎఫ్ ఎక్కడిది? కెమెరా టీమ్ ఇచ్చేది ఒకటి ఉంది, దాంతో మొదలుపెట్టండి. అంతకన్నా మంచిది, అదే కెమెరాతో తీసిన ఒంటరి నక్షత్రాల చిత్రాలు ఓ పది ఇరవై తెచ్చి, మన నక్షత్రం మీద ఒక్కోటీ పెట్టి చూసి, ఏది తీసేస్తే తక్కువ మచ్చ మిగులుతుందో దాన్ని వాడటం. ఐరాక్ పిక్సెల్ 1.22 ఆర్క్‌సెకండ్లు, 3.6 మైక్రాన్ల దగ్గర చుక్క దాదాపు పిక్సెల్ అంతే ఉంటుంది కాబట్టి, నక్షత్రం పిక్సెల్ మధ్యలో పడిందా అంచున పడిందా అన్నదాన్ని బట్టి ఆకారం మారిపోతుంది. అందుకే చాలా ఫ్రేములు కావాలి.

నక్షత్రం గడ్డ నిండి పొర్లిపోయి ఉంటే, అంటే శాచురేట్ అయితే, ఆ పిక్సెళ్లను మాస్క్ చేసి రెక్కల మీద మాత్రమే ఫిట్ చేయండి. ప్రకాశవంతమైన నక్షత్రం ఉన్న అడ్డ వరుసలో చుక్కల తోరణం, నిలువు వరుసలో గీత కూడా వస్తాయి, సహచరి వాటి మీద పడితే ఆ ఫ్రేము తీసేయండి.

వేర్వేరు తేదీల ఫ్రేములు ఎందుకన్నానంటే, స్పిట్జర్ సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఉంటే దాని ఒళ్లు కూడా ఆకాశంతో పోలిస్తే తిరుగుతుంది. పీఎస్‌ఎఫ్ ముళ్లు టెలిస్కోపుతోపాటు తిరుగుతాయి, సహచరి మాత్రం ఆకాశంలో ఉన్న చోటే ఉంటుంది. వేర్వేరు తేదీల్లో తీసిన రెండు చిత్రాల్లో ముల్లు జరిగింది, చుక్క జరగలేదు అంటే ఆ చుక్క నిజం. నేల మీది పెద్ద టెలిస్కోపుల్లో ఇదే కిటుకును ఒక్క రాత్రిలో చేస్తారు, ఆకాశం తిరుగుతుంటే కెమెరాను తిప్పకుండా ఉంచి. దానికి పైక్లిప్, విప్ లాంటి ప్యాకేజీలు ఉన్నాయి.

ఫిట్ అయ్యాక మిగిలిన చిత్రాన్ని తెర మీద పెద్దది చేసి కంటితో చూడండి. ఉప్పు చల్లినట్టు గరుకుగా ఉండాలి. సహచరి చోట గుంటగానీ గడ్డగానీ ఉంటే అంకె ఎంత బాగున్నా వెనక్కి వెళ్లండి.

చివరిగా దొంగ సహచరుల పరీక్ష. నక్షత్రం చుట్టూ అదే దూరంలో, వేర్వేరు దిక్కుల్లో ఓ ఇరవై చోట్ల, మనకు తెలిసిన వెలుగుతో దొంగ చుక్కలు ఒక్కొక్కటే పెట్టి, మళ్లీ మొత్తం పద్ధతి నడిపి, ఎంత వెలుగు తిరిగొస్తుందో చూడండి. ఇరవై జవాబుల మధ్య ఎంత చెదురు ఉందో అదే మీ అసలు అనిశ్చితి. ఫిట్టింగు ఇచ్చే అనిశ్చితి దీనికన్నా ఎప్పుడూ చిన్నగానే ఉంటుంది, దాన్ని నమ్మితే లేనివన్నీ కనపడతాయి.

యూనిట్లు (జాన్‌స్కీ వెలుగు కొలత, స్టెరేడియన్ ఆకాశంలో వైశాల్యం కొలత): ఐరాక్ చిత్రంలో అంకెలు స్టెరేడియన్‌కు మెగాజాన్‌స్కీలు. పిక్సెల్ సైజు లెక్కలోకి తీసుకుంటే ఒక పిక్సెల్‌లో 1 అన్న అంకె దాదాపు 35 మైక్రోజాన్‌స్కీలు.

నాలుగో అడుగు: రెండో తీసివేత

ఇప్పుడు సహచరి వెలుగు చేతిలో ఉంది. అందులో దాని సొంత ఒంటి వెలుగు ఎంత?

సులువైన దారి మోడల్. బీటీ-సెటిల్ లాంటి వాతావరణ మోడళ్లను వోసా అనే ఉచిత వెబ్ పరికరంలో ఎక్కించి, జే, హెచ్, కే వెలుగులకు సరిపోయే ఉష్ణోగ్రత వెతికి, ఆ గీతను 8 మైక్రాన్ల దాకా పొడిగిస్తారు. నేను దీన్ని ఒక్కదాన్నే నమ్మను. పసి సహచరుల వాతావరణంలో ధూళి మేఘాలు ఉంటాయి, వాటివల్ల అవి పాతవాటికన్నా ఎర్రగా ఉంటాయి, మోడళ్లకు ఆ మేఘాలు పూర్తిగా పట్టుబడలేదు. సహచరి ఒంటి మీది మేఘం చూసి చుట్టూ పళ్లెం అనుకునే ప్రమాదం ఉంది. అందుకే రెండో దారి కూడా నడవండి: అదే స్పెక్ట్రల్ రకం (స్పెక్ట్రమ్‌ను బట్టి వేసిన వర్గం), దాదాపు అదే వయసు, ఒంటరిగా తిరుగుతున్న, డిస్క్ లేదని తేలిన గోళాల రంగులు తెచ్చుకుని వాటితో పోల్చండి. తోటి పిల్లలతో పోలిస్తేనే కదా ఒక పిల్లాడు పొడుగో పొట్టో తెలిసేది.

ఒక ఊహా సహచరితో లెక్క చేద్దాం. పోలిక ప్రకారం 4.5 మైక్రాన్ల దగ్గర దాని మాగ్నిట్యూడ్ 13.1 ఉండాలి, మనం కొలిస్తే 12.6 వచ్చింది. ఈ బ్యాండ్ సున్నా మాగ్నిట్యూడ్ 179.7 జాన్‌స్కీలు, కాబట్టి ఉండాల్సింది 1.03 మిల్లీజాన్‌స్కీలు, ఉన్నది 1.64. అదనం 0.6 దాకా, అంటే దాదాపు 58 శాతం ఎక్కువ. కొలతలో అనిశ్చితి 0.1 మాగ్నిట్యూడ్, పోలికలో ఇంకో 0.1 అనుకుంటే రెండూ కలిసి 0.14 (వర్గాలు కూడి వర్గమూలం తీయాలి). 0.5ని 0.14తో భాగిస్తే 3.5 సిగ్మా, అంటే తేడా అనిశ్చితికి 3.5 రెట్లు. 8 మైక్రాన్ల దగ్గర ఉండాల్సింది 12.7, ఉన్నది 11.3, అంటే 3.6 రెట్లు; కొలతలో 0.2 అనిశ్చితి ఉన్నా ఆరు సిగ్మాలు దాటుతుంది. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ అదనం పెరగడం చూశారా, పళ్లెం ముఖం అలా ఉంటుంది. ఒక్క బ్యాండ్‌లోనే ఎగిరి తర్వాతి బ్యాండ్‌లో పడిపోతే అది ఇంకేదో.

నా నియమం: కనీసం రెండు బ్యాండ్లలో, రెండు పోలికలతోనూ, మూడు సిగ్మాలు దాటాలి. ఆ అదనానికి ఒక ఉష్ణోగ్రత, ఒక వైశాల్యం అతికించొచ్చు, అయితే రెండు బిందువులకు రెండు తెలియనివి ఎప్పుడూ అతుకుతాయి, దాన్ని పళ్లెం ఉష్ణోగ్రత అని ప్రకటించకండి.

ఐదో అడుగు: ఇంకెక్కడ మోసపోవచ్చు

మేఘపు మరుగు అన్నిటికన్నా ప్రమాదం. రో ఒఫియూకి లాంటి చోట మధ్యలో ఉన్న ధూళి వెలుగును తినేస్తుంది, పొట్టి తరంగాలను ఎక్కువ తింటుంది. కంటికి కనిపించే వెలుగులో 9 మాగ్నిట్యూడ్లు పోతే, కే బ్యాండ్‌లో సుమారు 1, 4.5 మైక్రాన్ల దగ్గర సుమారు 0.5 పోతుంది. దీన్ని లెక్కలోకి తీసుకోకపోతే కే నుంచి అంచనా కట్టిన వెలుగు కన్నా 4.5 దగ్గర 0.5 ఎక్కువ కనపడుతుంది, సరిగ్గా పైన మన ఉదాహరణలో వచ్చిన అంకె! నక్షత్రం ముందున్న మరుగునే సహచరికీ వేయకండి, రెండింటి ముందూ ఒకే మందం ఉండాలని లేదు. సహచరి సొంత స్పెక్ట్రమ్ నుంచే తీయండి.

5.8, 8.0 బ్యాండ్లలో మేఘంలోని కర్బన అణువుల వెలుగు కూడా పడుతుంది, నేపథ్యం చదునుగా ఉండదు. పసి గోళాలు రోజు రోజుకూ వెలుగు మారతాయి, కే ఒక ఏడాది, ఐరాక్ ఇంకో ఏడాది తీసినవైతే ఆ మార్పును కూడా అనిశ్చితిలో కలపండి.

ఎఫ్‌డబ్ల్యూ టౌ కథ తెలుసుకోవాలి. అక్కడి మసక సహచరిని చాలాకాలం గ్రహమంత ద్రవ్యరాశి ఉన్నదని అనుకున్నారు. ఆల్మా రేడియో టెలిస్కోపులతో దాని చుట్టూ వాయువు ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచి 2017లో ప్రకటిస్తే, అది సూర్యుడిలో పదో వంతు ద్రవ్యరాశి ఉన్న చిన్న నక్షత్రమని తేలింది. పళ్లెం అంచు మనవైపు తిరిగి ఉండి దాన్ని కప్పేసింది, మసకగా ఉంది కాబట్టి చిన్నదనుకున్నారు.

ఇక అదనం రాలేదంటే పళ్లెం లేదని కాదు. లోపలి ధూళి ఖాళీ అయి, బయట చల్లగా మిగిలి ఉండొచ్చు. "8 మైక్రాన్ల దాకా వేడి ధూళి కనపడలేదు" అని మాత్రమే రాయండి.

ఆరో అడుగు: తోడు సాక్ష్యం

అదనం వచ్చిందనుకోండి, ఇంకెవరైనా వేరే పద్ధతిలో ఏం చూశారో వెతకండి. పళ్లెం నుంచి వాయువు సహచరి మీద పడుతుంటే హైడ్రోజన్ గీతలు మెరుస్తాయి: పాషెన్ బీటా 1.28 మైక్రాన్ల దగ్గర, బ్రాకెట్ గామా 2.17 దగ్గర. జీఎస్‌సీ 6214-210 బికి 2011లో ఈ పాషెన్ బీటా గీతే దొరికింది. ఇంకా బలమైన పాషెన్ ఆల్ఫా 1.88 దగ్గర ఉంటుంది గానీ మన గాలిలోని నీటి ఆవిరి దాన్ని మింగేస్తుంది, అంతరిక్షం నుంచే చూడాలి. డీహెచ్ టౌ బి నుంచి ధ్రువణం చెందిన (పోలరైజ్ అయిన, ఒక దిశలోనే ఎక్కువగా కంపించే) పరారుణ వెలుగు వచ్చింది, దాని చుట్టూ ధూళి ఉందనడానికి అది ఇంకో రకం రుజువు.

ఆల్మా సంగతి వేరు, అది చల్లని ధూళిని మిల్లీమీటర్ తరంగాల్లో చూస్తుంది. పీడీఎస్ 70సి చుట్టూ ఉన్న పళ్లెం 2021లో స్పష్టంగా విడిపడి కనిపించింది ఆల్మాలోనే, అందులోని ధూళితో మన చందమామంతవి మూడు దాకా చేయొచ్చు. ఎస్‌ఆర్ 12 సి చుట్టూ పళ్లెం కూడా ఆల్మాకు చిక్కింది, 2022లో ప్రకటించారు. అదే జీక్యూ లూపి బి, పరారుణంలో అదనం ఉన్నా ఆల్మాకు దొరకలేదు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు కాదు: పళ్లెం చిన్నదై, దళసరిగా ఉంటే మిల్లీమీటర్లలో వెలుగు చాలదు. ఎంత పెద్దది కాగలదో హద్దు కూడా కట్టొచ్చు. సూర్యుడంత నక్షత్రానికి 300 ఏయూ (భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి 300 రెట్లు) దూరంలో 10 గురు ద్రవ్యరాశుల సహచరి ఉంటే దాని సొంత ఆకర్షణ చెల్లేది 44 ఏయూ దాకా, పళ్లెం అందులో మూడో వంతుకు మించి సాధారణంగా నిలవదు, అంటే 15 దాకా. నిజంగా అంత ఉందా, అందులో పదో వంతే ఉందా అన్నది పరారుణం, ఆల్మా కలిపి చూస్తేనే తెలుస్తుంది.

చెయ్యి తిరిగాక: జేమ్స్ వెబ్

జేమ్స్ వెబ్‌లోని మిరి పరికరం 5 నుంచి 28 మైక్రాన్ల దాకా స్పెక్ట్రమ్ ఇస్తుంది. 2025లో సీటీ చా బి పళ్లెంలో ఎసిటిలీన్, బెంజీన్, హైడ్రోజన్ సయనైడ్, కార్బన్ డయాక్సైడ్ సహా ఏడు కర్బన అణువులు దొరికాయని ప్రకటించారు. అదే వ్యవస్థలో నక్షత్రం చుట్టూ ఉన్న డిస్క్‌లో నీరు కనిపించింది, ఈ కర్బనాలు కనపడలేదు. పుట్టి ఇరవై లక్షల ఏళ్లే అయిన జంట, పక్క పక్కనే, రసాయనం మాత్రం వేరు. నేను ఆ స్పెక్ట్రమ్ చూసినరోజు 13.7 మైక్రాన్ల దగ్గర ఎసిటిలీన్ గుబ్బను వేలితో తెర మీద తడిమి చూశాను.

ఆ డేటా మ్యాస్ట్ ఆర్కైవులో ఉంటుంది. జేమ్స్ వెబ్ సమయం అడిగి తెచ్చుకున్నవాళ్లకు సాధారణంగా 12 నెలలు సొంతంగా వాడుకునే హక్కు ఉంటుంది, తర్వాత అందరికీ తెరుస్తారు. దించుకుంటే ఒక ఘనం వస్తుంది, వేల పొరలు, ఒక్కో పొర ఒక్కో తరంగదైర్ఘ్యంలో తీసిన చిన్న చిత్రం. ఒక్కో పొరలో నక్షత్రాన్ని తీసేయాలి, అన్ని పొరల్లో మిగిలినవి వరసగా పేర్చి స్పెక్ట్రమ్ చేసి, అందులోంచి సహచరి ఒంటి వెలుగు తీసేయాలి. స్పిట్జర్‌లో నాలుగు బ్యాండ్లకు చేసిందే. అందుకే ఎస్‌ఆర్ 12 సి మీద అవతలి వైపు కొలత, దొంగ చుక్కల పరీక్ష రెండూ నెగ్గాకే మా మేడ మీద ఎవరైనా ఈ ఘనం తెరుస్తారు. లాప్‌టాప్‌లో కనీసం 16 జీబీ మెమరీ పెట్టుకోండి, ముందు 13 నుంచి 15 మైక్రాన్ల మధ్య ముక్క మాత్రమే కోసుకుని మొదలుపెట్టండి, ఎసిటిలీన్, హైడ్రోజన్ సయనైడ్, కార్బన్ డయాక్సైడ్ మూడూ ఆ ముక్కలోనో దాని అంచునో ఉంటాయి.